ముక్కుతో బతికిన ఉస్మాన్

జమ్మలమడుగులో గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాళ్ళు నలుగురు. ముగ్గురికి పనిముట్లున్నాయి. ఉస్మాన్‌కు ముక్కుంది.

పనిముట్లు అతనికీ లేకపోలేదు. పాత సంచీలో రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, బర్నరు కన్నాలు పొడిచే పిన్నీసులు, గుప్పెడు రబ్బరు వాషర్లు ఎప్పుడూ ఉంటాయి. కానీ అవి బయటికి వచ్చేది ఆఖర్న. ఎవరింట్లోనైనా గ్యాసు వాసన వస్తోందంటే ఉస్మాన్ ముందు చెప్పులు విడుస్తాడు. ఎవరూ స్విచ్చులు ముట్టుకోవద్దని చెప్పి, అందరినీ రెండడుగులు వెనక్కి జరుపుతాడు. కళ్ళు మూసుకుని, సిలిండరు ముందు గొంతుక్కూర్చుని, రెగ్యులేటరు దగ్గర మొదలుపెట్టి పైపు వెంబడే పొయ్యి దాకా మూచూసుకుంటూ పోతాడు. మధ్యలో ఎక్కడో ఆగి, వేలు పెట్టి, "ఈడ" అంటాడు. అంతే. పానా పెట్టి చూస్తే లీకు సరిగ్గా అక్కడే ఉండేది. చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు.

పని నేర్చుకుంది ప్రొద్దుటూరులో, అబ్దుల్ వాహిద్ దుకాణంలో. వాహిద్‌కు కుడి కనుబొమ్మ లేదు. కుర్రతనంలో అగ్గిపుల్ల వెలిగించి లీకు వెతికినందుకు అది కాలిపోయి, మళ్ళీ మొలవలేదు. అందుకే ఆయన శిష్యులందరికీ లీకు పట్టేదానికి సబ్బునీళ్ళు తప్ప ఇంకో దారి నేర్పలేదు. నురగ పూయి, బుడగ వస్తే లీకు, రాకపోతే లేదు. దేవుడు చెప్పినా బుడగ చూసే నమ్మమనేవాడు. ఉస్మాన్ తల ఊపి నేర్చుకున్నాడు, జమ్మలమడుగుకు వచ్చి సొంతంగా మొదలుపెట్టాక మర్చిపోయాడు. మొహం కడుక్కునేదానికి పెట్టుకోండి మీ సబ్బు అని తోటి మెకానిక్కులను ఎగతాళి చేసేవాడు. గర్వం లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. మనిషి ఐదడుగుల మూడంగుళాలు, అందులో గర్వమే నాలుగడుగులు.

ఆ ముక్కుకు ఊళ్ళో వేరే కొలువులు కూడా ఉండేవి. నెయ్యి కొనేవాళ్ళు డబ్బా మూత తీసి అతని ముందు పెట్టేవాళ్ళు. అన్నిటికంటే పెద్ద కొలువు పెళ్ళాల దగ్గర. పొయ్యి పని అయ్యాక, వెళ్ళబోతుంటే, ఇంటావిడ గొంతు తగ్గించి, అన్నా, పనిలో పని ఈయన్ను కూడా ఒకసారి చూసిపో అనేది. మొగుడు గోడకు ఆనుకుని, పరీక్షలో కాపీ కొట్టి దొరికిన పిల్లోడి మాదిరి నిలబడేవాడు. ఉస్మాన్ ఒక్కసారి గాలి పీల్చి, పొద్దున తాగింది, ఇప్పుడు కాదని చెప్పేవాడు. ఏ సరుకో కూడా చెప్పేవాడు. అతన్ని చూసి వీధి మార్చే మగవాళ్ళు పదిమందైనా ఉండేవాళ్ళు.

ఇంత ముక్కునూ కోవిడ్ రెండో విడత ఎత్తుకుపోయింది. తొమ్మిది రోజులు జ్వరం. ఆసుపత్రిలో మంచం దొరక్క, ఇంట్లోనే చాపమీద పడి బతికాడు. దగ్గు పోయింది, నీరసం పోయింది, ఆకలి తిరిగొచ్చింది. వాసన మాత్రం రాలేదు. చూసిన డాక్టరు, రావచ్చు, రాకపోవచ్చు, రోజూ లవంగాలూ నిమ్మకాయా వాసన చూస్తుండమని చెప్పి పంపాడు. ఉస్మాన్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం చాంద్‌బీకి కూడా.

చాంద్‌బీ కనిపెట్టిన వైనం వేరు. ఒక శుక్రవారం దాల్చా అడుగంటింది. మామూలుగా కాదు, గిన్నె పారేయాల్సినంత. మాడు కంపు వీధి చివరి దాకా పోయి, ఎవరింట్లో ఏం తగలబడిందని జనం తొంగిచూశారు. ఉస్మాన్ మాత్రం దాన్ని అన్నంలో కలుపుకుని, వేళ్ళు నాకి, ఈరోజు దాల్చా శానా బాగుందన్నాడు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆమె వంటను అతను మెచ్చుకున్నది అదే మొదలు. చాంద్‌బీ ముందు అవమానపడింది, తర్వాత అనుమానపడింది. లేచి వెళ్ళి ఫినాయిలు సీసా కొంగులో చుట్టి తెచ్చి, అత్తరు ఎట్లుందో చూడమంది. బాగుందన్నాడు.

ఆమె ఏడవలేదు, అరవలేదు. సీసా మూత బిగించి ఒకే మాట అంది.

"నాకు చెప్పకున్నా పర్వాలేదు. నువ్వు పోయే ఇండ్లల్లో మాత్రం చెప్పుకో."

"చెప్తే ఎవురు పిలుస్తారు? ఊళ్ళో ఇంకా ముగ్గురుండారు."

చాంద్‌బీ వదల్లేదు. చెప్పలేకుంటే సబ్బన్నా పూయమని ఒట్టు పెట్టించుకుంది. ఉస్మాన్ రూపాయి షాంపూ పొట్లాం ఒకటి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మొదట్లో కొన్ని రోజులు నిజంగానే వాడాడు. ముక్కుతో నాటకమాడుతూ, ఎవరూ చూడకుండా తడిచేసిన బొటనవేలితో పైపుకు నురగ పూసేవాడు. కానీ చూడకుండా ఉంటే కదా! జనం వచ్చేదే ముక్కును చూడ్డానికి. ముక్కు ఉస్మాన్ సబ్బు పూస్తూ దొరికితే ఏమన్నా ఉందా? నాలుగిళ్ళలో దాచి పూశాడు, ఐదో ఇంట్లో పూయలేకపోయాడు. ఆరో ఇంట్లో అసలు జేబులోకి చెయ్యే పోలేదు. అబద్ధానికి అలవాటు పడితే అది అబద్ధమని కూడా అనిపించదు, మన సంగతి మనకు తెలియందా.

పైగా అదృష్టం ఒకటి తోడైంది. పదిమంది వాసనంటే తొమ్మిదిళ్ళలో అది లీకే కాదు. పొయ్యి సరిగా కట్టేయకపోవడమో, కొత్త సిలిండరు బిగించేటప్పుడు కాస్త గ్యాసు వదలడమో అయ్యుంటుంది. ఉస్మాన్ కళ్ళు మూసుకుని, పైపు వెంబడి ప్రయాణం చేసి, ఏం లేదమ్మా అంటే నిజంగానే ఏం ఉండేది కాదు. అట్లా రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో ఎక్కువ సుఖపడింది ఊళ్ళోని మొగుళ్ళు. లారీ నడిపే అన్సర్ ఒకరోజు నిలబడలేక స్తంభాన్ని వాటేసుకుని ఉంటే, అతని పెళ్ళాం రిహానా ఉస్మాన్‌ను పిలిచి చూడమంది. శుభ్రంగా ఉండాడని తీర్పొచ్చింది. ఆ తీర్పుకు రిహానా కంటే అన్సర్ ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

ఇట్లా సాగుతుండగా, ఒక ఉదయం సీతాలక్ష్మమ్మ దగ్గర్నించి ఫోనొచ్చింది. రిటైరైన అయివారు బాలసుబ్బయ్య భార్య ఆమె. పిల్లలకు పాఠాలు చెప్పి చెప్పి, తాను చెప్పిందే వేదమనుకునే మనిషి ఆయన. ఆ ఇంట్లో మూడు రోజులుగా తగువు నడుస్తోంది. వంటింట్లో ఏదో కంపు. ఆమె గ్యాసంటుంది, ఆయన అటకమీద ఎలుక చచ్చిందంటాడు.

ఉస్మాన్ పోయేసరికి వంటింటి గడప దగ్గర చిన్న సభే జరుగుతోంది. పులివెందుల నుంచి సీతాలక్ష్మమ్మ చెల్లెలు, ఆమె ఆడబిడ్డ వచ్చివున్నారు. చుట్టపుచూపుకే వచ్చారు గానీ, ఉస్మాన్ ముక్కు సంగతి విన్నాక దాన్ని చూడకుండా బస్సెక్కమని కూర్చున్నారు. సీతాలక్ష్మమ్మ తన గోడు చెప్పుకుంది. గ్యాసు కంపెనీవాళ్ళు ఇచ్చిన కాగితంలో కుళ్ళిన గుడ్డు వాసన వస్తే జాగ్రత్త అని రాసుందట. మా ఇంట్లో ఏడు తరాలుగా గుడ్డు గడప తొక్కలేదు, అది కుళ్ళితే ఎట్లుంటాదో మాకేం తెలుస్తాదప్పా అని ఆమె బాధ. ఇంకో మాట కూడా చెప్పింది. రాత్రి పడుకునేముందు రెగ్యులేటరు కట్టేస్తే కంపు తగ్గుతోంది, పొద్దున తిప్పితే మళ్ళీ వస్తోంది.

ఆ ఒక్క మాట చాలు. పొయ్యి పని వారం రోజులు చేసినవాడికి కూడా ఆ మాట వింటే ఒళ్ళు జలదరించాలి. కానీ బాలసుబ్బయ్య అడ్డం వచ్చి, రాత్రి చల్లగా ఉంటాది కాబట్టి చచ్చిన ఎలుక కంపు కొట్టదు, పగలు ఎండకు కొడతాదని శాస్త్రం చెప్పాడు. ఉస్మాన్ ఇద్దరి మాటా సగం సగమే విన్నాడు. అతని చూపు పులివెందుల ఆడవాళ్ళ మీద ఉంది. వాళ్ళు కొంగులు సర్దుకుని, కొత్త సినిమాకు వచ్చినట్టు ఎదురుచూస్తున్నారు.

ఇక మొదలుపెట్టాడు. చెప్పులు విడిచాడు. అందరినీ వెనక్కి జరిపాడు. కళ్ళు మూశాడు. రెగ్యులేటరు దగ్గర ముక్కు ఆనించి, పైపు వెంబడే పైకి పోయాడు. పైపు సగం సిలిండరు వెనకాల, గోడకూ సిలిండరుకూ మధ్య సందులో ఉంది. సిలిండరును ముందుకు లాగి చూడాలి. జేబులో షాంపూ పొట్లాం గుచ్చుకుంటోంది. వెనక నుంచి సీతాలక్ష్మమ్మ, చూడు, ఇప్పుడు వేలు పెడతాడు చూడు అని చెల్లెలికి చెబుతోంది. ముక్కులోకి ఏమీ రాలేదు. రెండేళ్ళుగా వస్తున్నట్టే, ఉత్త గాలి వచ్చింది.

ఉస్మాన్ లేచి నిలబడి, ఇది గ్యాసు కాదమ్మా, అయివారు చెప్పిందే నిజం, ఎలుకేనని చెప్పాడు.

బాలసుబ్బయ్య మొహం చూడాలి. నలభై ఏళ్ళ కాపురంలో మొదటిసారి గెలిచాడు. ఉస్మాన్ భుజం తట్టి, అరుగుమీద కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించాడు. సీతాలక్ష్మమ్మ ఓడిపోయింది. ఆమె గ్యాసన్నా తన ముక్కును నమ్మలేదు, ఊరంతా నమ్మిన ముక్కు కాదంటే ఇంకేం చేస్తుంది? చచ్చిన ఎలుక కంపుకు ఏ ఇల్లాలైనా చేసే పనే చేయబోయింది. చెల్లెల్ని పిలిచి వంటింటి కిటికీ మూయించింది. పెరట్లో బొగ్గులు రాజేయడం మొదలుపెట్టింది. సాంబ్రాణి వేసి, ధూపం వంటింట్లో నేలమీద పెట్టి, తలుపేసి అరగంట ఉంచితే ఎంతటి కంపైనా పోతుందని బాలసుబ్బయ్య లోపలి నుంచే ఉత్తర్వులిస్తున్నాడు.

కాఫీ గ్లాసు ఉస్మాన్ పెదాల దగ్గరే ఆగిపోయింది.

గ్యాసు పైకి పోదు. బరువైన సరుకు, నీళ్ళ మాదిరి నేలమీద పరుచుకుని, మూలల్లో నిలుస్తుంది. అది అతను వాహిద్ దుకాణంలో మొదటి రోజు నేర్చుకున్న పాఠం. ఇన్ని రోజులూ వంటయ్యేటప్పుడు కిటికీ తెరిచి ఉండి, గాలికి పోతూ వచ్చింది. ఇప్పుడు కిటికీ మూసేశారు. నిప్పులు నేలమీదే పెడతారు. నిజంగా ఎలుకే అయితే ఏమీ కాదు. ఇల్లు సువాసనగా ఉంటుంది, అతని పేరు అట్లాగే ఉంటుంది. ఎలుక కాకపోతే? ఎలుకో కాదో తనకు తెలియదు. రెగ్యులేటరు కట్టేస్తే తగ్గుతోందని ఆమె చెప్పిన మాట ఇప్పుడు, ఆలస్యంగా, చెవుల్లోకి దిగింది. 

అయినా బుద్ధి చూడండి. ముందు ఇంకో అబద్ధంతో గట్టెక్కాలని చూశాడు. ధూపం వద్దు అయివారూ, ఈ వయసులో పొగ పడదు, ఉబ్బసం వస్తుందని అరుగు మీది నుంచే చెప్పాడు. మా వంశంలో ఉబ్బసం లేదని బాలసుబ్బయ్య కొట్టిపారేశాడు. ఎలుకను బయటికి తీసినాక ధూపం వేద్దామన్నాడు ఉస్మాన్. అటక ఎక్కేదెవరని ఆయన నవ్వాడు. ఈలోగా పెరటి తలుపు చప్పుడైంది. సీతాలక్ష్మమ్మ నిప్పుల మూకుడు పట్టకారుతో పట్టుకుని, ఊదుకుంటూ లోపలికి వస్తోంది.

ఉస్మాన్ గ్లాసు ఎక్కడ పెట్టాడో ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో ముందుగదీ మడీ దాటి, తడబడుతూ పోయి, వంటింటి గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. సీతాలక్ష్మమ్మకు కోపమొచ్చింది. అడ్డం లే అప్పా, చెయ్యి కాలుతాందని కసురుకుంది. మూకుడులో బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. అవతల పులివెందుల ఆడవాళ్ళు, ఇవతల అయివారు, పెరటి గోడ మీంచి పక్కింటివాళ్ళు. ఊళ్ళో తన గొప్ప చెప్పేవాళ్ళంతా వీళ్ళే.

"నిప్పు బయట పెట్టమ్మా" అన్నాడు ఉస్మాన్. "నా ముక్కు పనిచెయ్యదు. రెండేండ్లయింది. ఎలుకో గ్యాసో నాకు తెలీదు. తెలీకనే చెప్పినా."

సీతాలక్ష్మమ్మ అతని మొహం చూసింది. వెనక్కి తిరిగి, పెరట్లో తొట్టి దగ్గరికి పోయి, మూకుడు నీళ్ళలో ముంచింది. చుయ్యిమన్న చప్పుడు అందరికీ వినిపించింది.

తర్వాత పనంతా చకచకా జరిగింది. ఉస్మాన్ రెగ్యులేటరు కట్టేసి, కిటికీ, తలుపులు బార్లా తీశాడు. స్విచ్చు మీద చెయ్యి వేయబోయిన బాలసుబ్బయ్యను అరిచి ఆపాడు, అయివారి మీద ఆ ఇంట్లో ఎవరైనా అరవడం అదే మొదలేమో. అందరినీ వీధిలోకి పంపి, గ్యాసంతా పోయేదాకా ఒక గంట వేపచెట్టు కింద నిలబెట్టాడు. అప్పుడు సిలిండరును పట్టుకుని పెరట్లోకి ఈడ్చి, పైపుతో సహా ఎండలో పెట్టి, జేబులోంచి షాంపూ పొట్లాం తీశాడు. ఒక గిన్నెలో నీళ్ళు కలిపి, నురగ చేసి, అందరి ముందరా పూశాడు. రెగ్యులేటరు కొంచెం తిప్పగానే పైపు మధ్యలో, గోడ సందులో దాక్కునే చోట, బుడగలు లేచాయి. ఒకటి కాదు, వరసగా. అక్కడ రబ్బరు మీద చిన్న చిన్న పళ్ళ గుర్తులున్నాయి. ఎలుక కొరికింది.

చెప్పినా గదా ఎలుకని, అని బాలసుబ్బయ్య మెల్లగా మొదలుపెట్టాడు గానీ, పెళ్ళాం చూసిన చూపుకు మిగతా మాట మింగేశాడు.

ఉస్మాన్ ఆ పైపు కోసి పారేసి, సంచీలోంచి కొత్తది తీసి బిగించాడు. బిగించాక మళ్ళీ నురగ పూశాడు, రెండుసార్లు. పని చేస్తున్నంతసేపూ ఎవరైనా తిడతారేమోనని ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. సీతాలక్ష్మమ్మ పెరటి మెట్టుమీద కూర్చుని, అతను సంచీ సర్దుకునేదాకా ఆగింది.

"ఉస్మానూ, ఈ రెండేండ్లల్లో ఎన్ని ఇండ్లల్లో ఏం లేదని చెప్పినావు?"

ఉస్మాన్ నోరు తెరిచాడు. లెక్క రాలేదు. ఇక్కడ సందులో ఆ పచ్చ గేటు ఇల్లు, మార్కెట్టు వెనకాల టైలరు ఇల్లు, మిషన్ ఆసుపత్రి దగ్గర నర్సమ్మలుండే గదులు, పెన్న ఒడ్డున కొత్తగా కట్టిన ఇళ్ళు. ఒక్కో వంటిల్లూ గుర్తొస్తోంది. అక్కడ ఏ మూల సిలిండరు ఉందో, పైపు ఎటు తిరిగిందో, ఎవరు నిలబడి చూశారో కూడా గుర్తొస్తోంది. లీకు ఉందో లేదో మాత్రం గుర్తు రాదు, ఎందుకంటే ఎప్పుడూ చూడలేదు. తెలీదమ్మా అని చెప్పి బయటికి వచ్చాడు.

ఇంటికి పోయి చాంద్‌బీకి జరిగింది చెప్పాడు. ఏమీ దాచలేదు. ఆమె విని, ఊరుకోక, నేను చెప్పలేదా అని నాలుగు తిట్టింది. తిట్టడం అయ్యాక అన్నం పెట్టింది. తిని పడుకుంటావా అని అడిగింది. పడుకోనన్నాడు. ఫోను తీసి పేర్లు చూసుకుంటూ, రెండేళ్ళలో ఎవరెవరు పిలిచారో వెదుక్కున్నాడు. అతను పేర్లు రాసుకునే పద్ధతి కూడా వేరే, పచ్చ గేటు, రెండు మేకలు, గుడ్డి కుక్క అని ఇళ్ళ గుర్తులే ఉంటాయి. ఇవన్నీ తిరిగేసరికి నెల పడుతుందని చాంద్‌బీ అంది. నెల పట్టేలోపల ఎవురికన్నా ఏమన్నా అయితే అని ఉస్మాన్ అనలేదు, ఆమె కూడా అడగలేదు. ఆ ఎండలోనే సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు.

మొదటిది పచ్చ గేటు ఇల్లు. ఇల్లాలి పేరు తేజస్వి, కాపురానికి వచ్చి మూడేళ్ళు కాలేదు. అతన్ని చూడగానే మొహం విప్పారింది. పిలవకుండా వచ్చినా అడగలేదు. లోపలికి చూసి అత్తను కేకేసి పిలిచింది. రాండి, ముక్కుతో చూస్తాడని చెప్తాంటి గదా, ఈయనే. అత్త చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఇద్దరూ వెనక్కి జరిగి, దారి ఇచ్చి, ఎదురుచూస్తూ నిలబడ్డారు.

ఉస్మాన్ చెప్పులు విడవలేదు. గడప బయటే నిలబడ్డాడు.

"నా ముక్కు ఎప్పుడో పోయింది తల్లీ. పోయిన ఏడు మీ సిలిండరు చూసి ఏం లేదన్నా గదా, అది చూడకుండా చెప్పిన మాట. ఒక గిన్నెలో సబ్బునీళ్ళు కలుపు."

తేజస్వి ఒక్క క్షణం అతని వైపు చూసింది. తర్వాత వంటింట్లోకి పరుగెత్తి, ఉడుకుతున్న అన్నం కింద పొయ్యి ఆర్పింది.